పాత భ్రంశం, కొత్త కదలిక: విశాఖ కొండవాలులో ఒక కేస్ స్టడీ

కొన్నేళ్ల క్రితం విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంట్ నిర్మాణం కోసం కొండ పాదాన్ని తొలిచినప్పుడు తవ్వకపు గోడలో ఒక భ్రంశం, అంటే వాడుకలో మనం ఫాల్ట్ అనేది, బయటపడింది. దాన్ని పరిశీలించిన ఇంజనీరింగ్ జియాలజిస్టును నేనే. ఆ పరిశీలనలో నేను చేసిన తప్పులు, వాటిని సరిదిద్దుకున్న తీరు ఇదే పనిలో ఉన్నవారికి ఉపయోగపడతాయని రాస్తున్నాను. నిర్మాణదారుతో చేసుకున్న ఒప్పందం ప్రకారం స్థలాన్ని, సంవత్సరాన్ని, మనుషులను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను వదిలేశాను. కొలతలను మాత్రం మార్చలేదు.

నేపథ్యం

విశాఖ చుట్టూ ఉన్న కొండలు తూర్పు కనుమల శిలలు. వాటిలో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్. ఖోండ్ గిరిజనుల పేరు మీదుగా దీనికి ఆ పేరు వచ్చింది. దానితోపాటు చార్నొకైట్, లెప్టినైట్, క్వార్ట్‌జైట్ కూడా ఉంటాయి. ఇవి సుమారు వంద కోట్ల ఏళ్ల క్రితం భూమి లోపల చాలా లోతున, తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోనై రూపు మారిన రాళ్లు. ఆ తరువాత, దాదాపు 13 కోట్ల ఏళ్ల క్రితం, భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోతున్నప్పుడు ఇప్పటి తూర్పు తీరం ఏర్పడింది. ఇంత చరిత్ర ఉన్న రాతిలో పగుళ్లు, భ్రంశాలు లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. కాబట్టి విశాఖలో ఒక తవ్వకంలో భ్రంశం కనిపించడం వార్త కాదు. ఆ సంగతి అప్పటికే తెలిసిన నేను దాన్ని వార్తగా మార్చడమే ఈ కేసులో మొదటి తప్పు.

ఖోండలైట్‌కు మరో గుణం ఉంది. ఎండకూ వానకూ అది లోతుగా శిథిలమవుతుంది. అందులోని గార్నెట్ అనే ఖనిజం కుళ్లి మట్టికి ఎర్రటి రంగునిస్తుంది, ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజం సుద్దగా మారుతుంది. చూడటానికి రాయిలాగే, పాత పొరలన్నీ అలాగే ఉంటాయి. గోటితో గీస్తే మాత్రం రాలుతుంది. మా స్థలంలో పైన రెండు మూడు మీటర్లు కొండ మీది నుంచి జారి పేరుకున్న మన్ను, దాని కింద పది పన్నెండు మీటర్ల వరకు ఇలాంటి శిథిల ఖోండలైట్, ఆ తరువాత గట్టిరాయి ఉన్నాయి. రెండు అంతస్తుల సెల్లార్ కోసం కొండ పాదం దగ్గర 9 మీటర్ల నిలువు కోత తీశారు.

భూకంపాల పరంగా, భూకంపాలను తట్టుకునేలా కట్టడాలను రూపొందించడానికి ఉద్దేశించిన భారత ప్రమాణం, 2016 నాటి ఐ.ఎస్. 1893, విశాఖపట్నాన్ని రెండో జోన్‌లో, అంటే ఆ పటంలో అతి తక్కువ ప్రమాద శ్రేణిలో పెట్టింది. కట్టడం మీద భూకంప బలాన్ని లెక్కకట్టడానికి వాడే జోన్ గుణకం 0.10. తక్కువ అంటే లేదని కాదు. 1967లో ఒంగోలు దగ్గర, 1969లో భద్రాచలం దగ్గర అయిదుకు మించిన తీవ్రతతో భూకంపాలు వచ్చాయి.

ఎదురైన సమస్య

కోత ఏడో మీటరు దాటాక జేసీబీ నడిపే కుర్రాడు యంత్రాన్ని ఆపేసి సైటు ఇంజనీరును పిలిచాడు. "ఇది రాయి కాదు బాబూ, సబ్బులాగ జారిపోతంది," అన్నాడట. నేను వెళ్లి చూసేసరికి గోడకు అడ్డంగా, కొండ లోపలి నుంచి రోడ్డు వైపు 24 డిగ్రీల వాలుతో దిగుతున్న ఒక పట్టీ కనిపించింది. మందం 20 నుంచి 40 సెంటీమీటర్లు. లేత ఆకుపచ్చ, తెలుపు కలిసిన మెత్తటి బంకపిండి. రెండు రాతి దిమ్మలు ఒకదానిపై ఒకటి ఒరుసుకుని నలిగినప్పుడు మిగిలే ఈ పిండిని మేం గౌజ్ అంటాం. దాని పై తలం అద్దంలా నునుపుగా ఉంది, ఆ నునుపు మీద సమాంతరంగా గీతలున్నాయి.

అదే వారంలో, కోతకు ఎగువన ఉన్న పాత అపార్ట్‌మెంటు ప్రహరీగోడకు బీట పడిందని అక్కడి సంఘం వారు ఫిర్యాదు చేశారు. సంఘం పెద్ద ఒకాయన, రిటైరైన ఉద్యోగి, ఆ బీట ఇప్పటిది కాదనీ, 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో వచ్చిన భూకంపంతోనే మొదలైందనీ గట్టిగా చెప్పారు. ఆ భూకంపం నిజమే. తీవ్రత సుమారు 6, సముద్రగర్భం కింద దాదాపు 50 కిలోమీటర్ల లోతున పుట్టింది, విశాఖలోనూ చాలామందికి తెలిసింది.

నేను ఆ సాయంత్రమే నిర్మాణదారుకు ఒక పేజీ నోటు పంపాను. అందులో "తవ్వకంలో ఫాల్ట్ జోన్ బయటపడింది, తదుపరి అధ్యయనం వరకు పని ఆపాలి" అని ఉంది. పని ఆపమనడం సరైనదే. కానీ ఫాల్ట్ అనే మాటను ఏ వివరణా లేకుండా వదిలేశాను. రెండు రోజుల్లో ఆ పేజీ ఫొటో వాట్సాప్‌లో కాలనీ అంతా తిరిగింది. రుణం ఇచ్చిన బ్యాంకు తదుపరి విడతను నిలిపివేసింది. నిర్మాణదారు ఫోన్ చేసి, "సార్, కింద భూకంపం ఉందని రాశారంట కదా?" అని అడిగారు. నేను అలా రాయలేదని చెప్పగలిగాను గానీ, చదివినవారికి అలా అర్థం కాకుండా ఏం రాశానని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

ప్రశ్నను విడదీయడం

ఆ ఫోను తరువాత చేసిన మొదటి పని ప్రశ్నను మూడుగా విడదీయడం. ఇది భ్రంశమేనా? ఇది ఎప్పుడైనా భూకంపాన్ని పుట్టించిందా, ఇప్పుడు పుట్టించగలదా? ఇది ఇప్పుడు కదులుతోందా, కదిలితే దాన్ని కదిలిస్తున్నది ఏది? అప్పటిదాకా ఈ మూడూ నా తలలో ఒకే ప్రశ్నగా ఉండేవి. గోడ మీద గీతలు కనబడగానే మూడింటికీ అవునని పరోక్షంగా జవాబిచ్చేశాను.

రెండో ప్రశ్నకు జవాబు వెతకాలంటే భ్రంశం ఎలా జారుతుందో మొదటి నుంచీ ఆలోచించుకోవాలి. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం తరువాత భ్రంశానికి రెండు వైపులా జరిగిన భూసర్వే కొలతలను పోల్చి హ్యారీ ఫీల్డింగ్ రీడ్ చెప్పిన సూత్రమే ఇప్పటికీ ఆధారం. భ్రంశానికి దూరంగా భూమి ఏటా కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటుంది. భ్రంశతలం మాత్రం ఘర్షణ వల్ల అతుక్కుని ఉంటుంది. ఆ మధ్యలో ఉన్న రాయి విల్లులా వంగి శక్తిని దాచుకుంటుంది. ఘర్షణ ఓడిపోయిన క్షణంలో రాయి ఒక్కసారిగా తన ఆకారానికి తిరిగి వస్తుంది. ఆ విసురులో వెలువడే తరంగాలే మనకు తెలిసే భూకంపం.

సంఘం సభ్యులకు నేను దీన్ని బీరువా పోలికతో చెప్పాను. బరువైన ఇనుప బీరువాకు రబ్బరు తాడు కట్టి గచ్చు మీద లాగితే, కాసేపు తాడు మాత్రమే సాగుతుంది, తరువాత బీరువా ఒక్క ఉదుటున ముందుకు దూకి మళ్లీ ఆగుతుంది. అదే గచ్చు మీద తడి బంకమన్ను పూసి ఉంటే బీరువా దూకదు, మెల్లగా జరుగుతూనే ఉంటుంది. భూకంపాలు మొదటి రకం జారుడు అని 1966లో బ్రేస్, బయర్లీ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. రెండో రకాన్ని పాకుడు అంటారు. దానికి చప్పుడు లేదు, తరంగం లేదు.

ఏ తలం దూకుతుంది, ఏది పాకుతుంది అనేది కేవలం ఘర్షణ ఎంత అన్న దాని మీద ఆధారపడదు. వేగం పెరిగినప్పుడు ఘర్షణ తగ్గుతుందా, పెరుగుతుందా అన్నది అసలు విషయం. తగ్గితే, జారుడు మొదలయ్యాక దాన్ని ఆపేది ఉండదు, అది తనను తాను ఎగదోసుకుంటుంది. పెరిగితే, వేగం పెరగబోయిన ప్రతిసారీ నిరోధం పెరిగి దాన్ని అణచివేస్తుంది. బంకమన్ను ఎక్కువగా ఉన్న గౌజ్, ముఖ్యంగా పైపొరల్లోని తక్కువ ఒత్తిడిలో, సాధారణంగా రెండో రకానికి చెందుతుంది. భూకంపాలు ఉపరితలానికి పదీ ఇరవై మీటర్ల దిగువన కాక కిలోమీటర్ల లోతున మొదలవడానికి ఒక కారణం ఇదే.

ఇక పరిమాణం. భూకంప తీవ్రతను నిర్ణయించేవి మూడు: రాతి బిగువు, జారిన తలం వైశాల్యం, జారిన దూరం. పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు ఉన్న తలం అర మీటరు జారితే తీవ్రత సుమారు 6 అవుతుంది. ఒక్కో పక్క మూడు వందల మీటర్లున్న చదరపు తలం ఒక సెంటీమీటరు జారితే 3కు కాస్త లోపు. 2004 డిసెంబరు 26న సుమత్రా, అండమాన్ దీవుల పొడవునా దాదాపు 1300 కిలోమీటర్ల తలం విరిగింది, అది పూర్తిగా విరగడానికే ఎనిమిది పది నిమిషాలు పట్టింది. కాబట్టి గోడలో ఇరవై మీటర్ల మేర కనిపిస్తున్న పట్టీని చూసి పెద్ద భూకంపం గురించి మాట్లాడాలంటే, అది ఇరుపక్కలా, లోతుగా ఎంత దూరం సాగుతుందో ముందు తేలాలి.

ఫలించని ప్రయత్నాలు

మొదట ఉపగ్రహ చిత్రాల్లో ఆ పట్టీ కొనసాగింపును వెతికాం. కొండలో ఈశాన్యం నుంచి నైరుతికి సాగే ఒక సరళరేఖ స్పష్టంగా కనిపించింది, ఒక పూట ఉత్సాహపడ్డాం కూడా. కానీ తూర్పు కనుమల్లో రాతిపొరల సహజ దిశే అది. మెత్తటి పొర కుళ్లి లోయ అయినా, గట్టి పొర మిగిలి గట్టు అయినా చిత్రంలో సరళరేఖే కనిపిస్తుంది. ఇలాంటి రేఖలను భ్రంశాలుగా పటంలో గీసేయడం మా వృత్తిలో ఉన్న పాత జబ్బు.

తరువాత భూమిలోకి విద్యుత్తు పంపి నిరోధాన్ని కొలిచే సర్వే చేయించాం. స్థలం అడుగున తక్కువ నిరోధం ఉన్న మండలం లోతుగా దిగుతున్నట్టు రంగుల చిత్రం వచ్చింది. అందరూ నమ్మడానికి సిద్ధంగా ఉండగా వేసిన తనిఖీ బోరులో అక్కడ గౌజ్ లేదు, నీటితో తడిసిన సుద్ద ఉంది. విద్యుత్తుకు తడి సుద్దకూ భ్రంశపు పిండికీ తేడా తెలియదు. పద్ధతిలో లోపం లేదు. ఈ రాతిలో ఆ పద్ధతి ఏం చెప్పలేదో ముందే ఆలోచించకపోవడం మాది.

మూడోది నాకు ఇంకా సిగ్గు కలిగించే సంగతి. గౌజ్‌లో నల్లటి సేంద్రియ పదార్థం కనిపిస్తే కార్బన్ వయసు కోసం పంపాను. మూడు వందల ఏళ్లు దాటలేదని ఫలితం వచ్చింది. మూడు వందల ఏళ్ల నాటి భ్రంశమంటే క్రియాశీల భ్రంశమే. ఒక రాత్రంతా ఆ కాగితంతో కూర్చున్నాను. పొద్దున్నే మిగిలిన నమూనాను భూతద్దం కింద పెడితే అందులో సన్నటి వేరు పీచు ఉంది. ఎగువ వాలులోని జీడిమామిడి వేళ్లు నీటి కోసం ఆ బంకపట్టీలోకి దిగాయి. నేను కొలిచింది వేరు వయసు. అసలు అందులో బొగ్గే ఉన్నా, అది బొగ్గు వయసును చెప్పేదే గాని తలం జారిన తేదీని చెప్పేది కాదు.

ఈలోగా వర్షాలు దగ్గరపడ్డాయి. కోత ముఖం రాలిపోకుండా ఒత్తిడితో చిమ్మే కాంక్రీటు పూత, అంటే షాట్‌క్రీట్ కొట్టిద్దామని కాంట్రాక్టరు అడిగితే నేను అభ్యంతరం చెప్పలేదు. నీరు బయటకు రావడానికి రంధ్రాలు పెట్టారా అని అడగాల్సింది, అడగలేదు. ముఖమంతా నున్నగా, గట్టిగా, ఎక్కడా తడి కనిపించకుండా తయారైంది. రెండు పెద్ద వానలు పడ్డాక షాట్‌క్రీట్ మధ్యలో గర్భిణి పొట్టలా ఉబ్బింది. కోతకు 40 మీటర్ల ఎగువన, జీడిమామిడి చెట్ల మధ్య నెలవంక ఆకారంలో కొత్త బీట తెరుచుకుంది. అప్పటికి స్పష్టమైంది, మూడో ప్రశ్నకు జవాబు అవును అని. కదులుతోంది. కానీ ఆ వారంలో చుట్టుపక్కల ఎక్కడా భూమి కంపించలేదు. పడింది వాన ఒక్కటే.

అసలు విషయం తేలిన తీరు

ఆ రోజే రెండు నిర్ణయాలు తీసుకున్నాం. తవ్విన మన్నును లారీలతో వెనక్కి తెప్పించి కొండ పాదానికి ఎదురుబరువుగా పోయించాం. షాట్‌క్రీట్‌కు రంధ్రాలు కొట్టించాం. మూడో రంధ్రం నుంచి నీరు చిమ్మింది. నిర్మాణదారుకు అది చేసిన పని చెరిపేయడంలా అనిపించింది, కాంట్రాక్టరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కానీ పాదం దగ్గర తీసేసిన బరువే అంతవరకు ఆ వాలును పట్టి ఉంచింది కనుక, మొదట దాన్ని తిరిగి పెట్టడం తప్ప త్వరగా చేయగలిగింది మరొకటి లేదు.

తరువాత తీరిగ్గా గీతల దగ్గరికి వెళ్లాం. మొదటిసారి చూసినప్పుడు అవన్నీ ఒకటే అనుకున్నాను. బ్రష్‌తో శుభ్రం చేసి, ఒక్కో గీత దిశను దిక్సూచితో కొలిచేసరికి రెండు తరాల గీతలు వేరుపడ్డాయి. పాతవి తలం మీద ఏటవాలుగా, దాదాపు పక్కకు సాగుతున్నాయి. వాటిపై క్వార్ట్జ్ నారలు పెరిగి, ఇనుపతుప్పు పూత పట్టి గట్టిపడ్డాయి. కొత్తవి మెత్తటి తడి బంకమన్నులో, నేరుగా వాలు కిందికి ఉన్నాయి. ఖనిజ నారలు పెరగాలంటే లోతు, వేడి నీరు, చాలా కాలం కావాలి. తడి మన్నులో గీత పడడానికి ఒక వానాకాలం చాలు.

ఇది కీలకమే గాని ఒక్కదాన్నే నమ్మి మళ్లీ తొందరపడదలచుకోలేదు. భూగర్భ బలాలతో జరిగిన కదలికైతే, కొత్త గీతలు కోత పాదానికి దిగువన, లోతున కూడా ఉండాలి. కేవలం వాలు బరువుతో జరిగినదైతే అవి కోత వరకే ఉండి, దాని కింద మాయమవ్వాలి. దీన్ని తేల్చడానికి పాదానికి అవతల 30 మీటర్ల లోతు బోరు వేసి కోర్, అంటే స్తంభంలాంటి రాతి నమూనా, తీయించాం. అదే పట్టీ 17వ మీటరు దగ్గర తగిలింది. అక్కడ గౌజ్ సిలికాతో అతుక్కుని రాయిలా గట్టిపడి ఉంది. దాన్ని అడ్డంగా కోస్తూ ఒక సన్నటి క్వార్ట్జ్ సిర ఎక్కడా తెగకుండా దాటింది. సిర ఏర్పడిన తరువాత ఆ తలం అక్కడ కదలలేదు. విశాఖ రాళ్లలో అలాంటి సిర నిన్న మొన్న పుట్టేది కాదు.

అదే కోర్‌లో, ఆ పట్టీకి రెండు చేతుల దూరం కింద, నల్లటి దారాల్లాంటి సిరలు కనిపించాయి. పలుచని కోత తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే అది ఒకప్పుడు కరిగి, వెంటనే చల్లబడిన రాయి. దీన్ని సూడోటాకిలైట్ అంటారు. భ్రంశతలం సెకనుకు మీటరు స్థాయి వేగంతో జారితే తప్ప, ఒరుసుకునే వేడికి రాయి కరగదు. అంత వేగం భూకంపంలోనే సాధ్యం. కనుక రెండో ప్రశ్న మొదటి సగానికి జవాబు కూడా అవును అనే వచ్చింది. ఈ భ్రంశం భూకంపాన్ని పుట్టించింది. అయితే అప్పుడు ఈ రాయి కిలోమీటర్ల లోతున ఉంది, దాని మీద ఉన్న కొండలన్నీ తరువాత అరిగిపోయాయి. ఆ కోర్ ముక్కను సంఘం పెద్దకు చూపిస్తే చాలాసేపు చేతిలో తిప్పి చూసి, "అంటే మీరు మొదట రాసింది అబద్ధం కాదన్నమాట," అన్నారు. అబద్ధం కాదు, కాలం చెప్పకుండా రాసిన నిజం.

ఆయన చెప్పిన బీట సంగతీ తేలింది. 2014 మే తరువాతి ఏడాది అదే ప్రహరీగోడ ముందు జరిగిన ఒక గృహప్రవేశం ఫొటోలు ఒక ఇంట్లో దొరికాయి. మామిడి తోరణాల వెనక గోడ చెక్కుచెదరకుండా ఉంది. ఆయన జ్ఞాపకం తప్పని నేననలేదు. ఆ రాత్రి ఆయన భయపడిందీ నిజమే, గోడ బీటలువారిందీ నిజమే. మధ్యలో కాలం కలిసిపోయింది.

ఒకే ఘర్షణ, వేర్వేరు బలాలు

మిగిలింది వాన ఎలా కదిలిస్తుందన్న లెక్క. ఇక్కడే భూకంపశాస్త్రం నాకు అనుకోని సహాయం చేసింది. భ్రంశతలాన్ని బిగించి పట్టేది దాని మీది బరువు; ఆ తలంలో చేరిన నీరు ఆ బరువులో కొంత భాగాన్ని తాను మోస్తుంది, దాంతో ఘర్షణ అంతమేరకు తగ్గుతుంది. ఈ సంగతిని 1959లో హబ్బర్ట్, రూబీ అనే శాస్త్రవేత్తలు పెద్ద రాతి పలకల జారుడుకు అన్వయించారు. 1969 నుంచి కొలరాడోలోని రేంజ్‌లీ చమురు క్షేత్రంలో కావాలనే నీటి పీడనాన్ని పెంచి, తగ్గించి చూశారు. పెంచినప్పుడు చిన్న భూకంపాలు పెరిగాయి, తగ్గించినప్పుడు తగ్గాయి. మహారాష్ట్రలోని కోయ్నా జలాశయం నిండిన తరువాత 1967 డిసెంబరులో 6.3 తీవ్రతతో వచ్చిన భూకంపాన్ని కూడా ఈ కోణంలోనే అర్థం చేసుకుంటున్నాం.

మా వాలుకు అదే లెక్క వేశాను. జారుడుతలం 8 మీటర్ల లోతున, 24 డిగ్రీల వాలుతో ఉంది. మట్టి బరువు ఘనమీటరుకు 19 కిలోన్యూటన్లు. దీని ప్రకారం తలాన్ని లంబంగా నొక్కే ఒత్తిడి 127 కిలోపాస్కల్‌లు, వాలు వెంట కిందికి తోసే ఒత్తిడి 56 పైచిలుకు. ప్రయోగశాలలో గౌజ్ ఘర్షణ గుణకం 0.49 వచ్చింది, మామూలు రాళ్లకు బయర్లీ కొలిచిన 0.6 నుంచి 0.85 కంటే తక్కువ, బంకమన్నుకు అది సహజమే. పొడిగా ఉంటే నిరోధం 62. అంటే నిరోధం తోపు కంటే పదో వంతు మాత్రమే ఎక్కువ. తలం మీద 2 మీటర్ల నీరు నిలిస్తే 16 కిలోపాస్కల్‌ల నీటి పీడనం ఏర్పడి, నిరోధం 54కు పడిపోతుంది. తోపు మాత్రం అలాగే ఉంటుంది. నీటి మట్టం సుమారు 1.4 మీటర్ల దగ్గర రెండూ సమానమవుతాయి. షాట్‌క్రీట్‌కు రంధ్రాలు కొట్టకముందు బోరులో మేం కొలిచిన మట్టం 1.8 మీటర్లు.

అంత లోటు ఉన్నా వాలు ఒక్కసారిగా కూలకపోవడానికి కారణం కూడా గౌజ్‌లోనే దొరికింది. నమూనాను రెండుగా జరిపి దాని నిరోధాన్ని కొలిచే ప్రయోగశాల పరీక్షలో వేగాన్ని పది రెట్లు పెంచినప్పుడు నిరోధం కొద్దిగా పెరిగింది. పైగా వాలు పక్క అంచులు, వేళ్లు కొంత పట్టుకున్నాయి. తడి గచ్చు మీది బీరువాలాగా అది పాకింది. బోరులో దించి నేల పక్కకు ఎంత జరిగిందో కొలిచే ఇంక్లినోమీటరులో 8 మీటర్ల దగ్గర ఆరు వారాల్లో 11 మిల్లీమీటర్లు జరిగింది. అయితే ఈ పరీక్ష తక్కువ ఒత్తిడిలో, తక్కువ వేగాల్లో చేసినది. కిలోమీటర్ల లోతున ఇదే భ్రంశం ఎలా ప్రవర్తిస్తుందో దీన్నిబట్టి చెప్పడానికి నేను ఒప్పుకోలేదు, నివేదికలో ఆ వాక్యం చేర్చమని నిర్మాణదారు ఒకటికి రెండుసార్లు అడిగినా.

పని చేసిన పరిష్కారం

నీటిని తీసేస్తే చాలునని మొదట అనిపిస్తుంది. లెక్క అలా చెప్పలేదు. మట్టాన్ని అర మీటరు లోపే ఉంచగలిగినా నిరోధం, తోపుల నిష్పత్తి సుమారు 1.1 దాటదు. దానితో మనుషులుండే కట్టడాన్ని కింద పెట్టలేం. అందుకే కోతలోకి 18 మీటర్ల పొడవున, కొద్దిగా పైకి వంచి, రంధ్రాల గొట్టాలు తొమ్మిది దించాం. నెలవంక బీటను బంకమన్నుతో మూసి, దాని ఎగువన వాన నీటిని పక్కకు మళ్లించే కాలువ తవ్వించాం. వాలు పై భాగంలో మన్నును మెట్లుగా తీసి బరువు తగ్గించాం. చివరగా పట్టీని దాటి గట్టిరాతిలో నాలుగు మీటర్లకు పైగా దిగేలా ఉక్కు కడ్డీలతో సాయిల్ నెయిలింగ్ చేశాం. ఎదురుబరువు మన్నును ఒకేసారి కాకుండా అయిదు మీటర్ల వెడల్పు ముక్కలుగా, ఒక ముక్కకు కడ్డీలు పడ్డాకే పక్క ముక్కను తీశాం. సెల్లార్ రెండు అంతస్తుల నుంచి ఒకటికి తగ్గింది. నిర్మాణదారుకు అది నష్టమే. దాన్ని మరోలా చెప్పడానికి నేను ప్రయత్నించలేదు.

భూకంప ప్రశ్నను నివేదికలో మూసివేయలేదు. ఈ తలం ఈ చోట దీర్ఘకాలంగా భూగర్భ బలాలతో కదలలేదని రాశాను. ఎన్నటికీ కదలదని రాయలేదు. 1993 సెప్టెంబరు 30న లాతూరు ప్రాంతాన్ని కుదిపిన 6.2 తీవ్రత భూకంపం అంతవరకు ఎవరూ ప్రమాదకరంగా భావించని ప్రాంతంలో వచ్చింది. భారత పలక ఉత్తరానికి ఏటా అయిదు సెంటీమీటర్ల లెక్కన జరుగుతూ ఉన్నంతకాలం ద్వీపకల్పపు పాత భ్రంశాలన్నీ కొంత ఒత్తిడి మోస్తూనే ఉంటాయి. అందుకే రెండో జోన్‌కు వర్తించే భూకంప బలాన్ని కట్టడానికీ, వాలుకూ కూడా లెక్కలో కలిపాం. నిండు వానాకాలపు మట్టంతో కలిపి చూసినా నిష్పత్తి 1.3కు తగ్గకుండా కడ్డీల సంఖ్యను నిర్ణయించాం.

ఈ కేసు తరువాత నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు నా మొదటి నోటులో ఫాల్ట్ అనే మాట ఒంటరిగా రాదు. కనిపించినది ఏమిటి, అది ఏ కాలానిదో తెలుసా, ఇప్పటి కదలికకు ఆధారం ఉందా అన్న మూడు వాక్యాలు దాని వెంటే ఉంటాయి. మూడోదానికి "ఇంకా తెలియదు" అని రాయాల్సి వచ్చినా రాస్తాను. బ్యాంకులు ఆ "ఇంకా తెలియదు"ను ఇష్టపడవు, కానీ ఊహించి భయపడడం కంటే అది నయమని వాళ్లూ ఒప్పుకుంటున్నారు.

గీతలను దిశ కొలవకుండా ఫొటో తీసి వదిలేయడం మానేశాను. మా దగ్గర కొత్తగా చేరినవారికి మొదటి వారం చేయించే పని అదే. సేంద్రియ నమూనాను భూతద్దం కింద చూడకుండా ఎక్కడికీ పంపం. ఇక కోత ముఖానికి సిమెంటు పూత వేసే ముందు, నీరు ఎటు పోతుందో చూపించే గీతచిత్రం మీద కాంట్రాక్టరు సంతకం ఉండాలని ఒప్పందంలోనే రాయిస్తున్నాను.

కడ్డీలు పడిన తరువాతి మొదటి వానాకాలంలో ఇంక్లినోమీటరు 8 మీటర్ల దగ్గర 1.5 మిల్లీమీటర్ల కదలికను చూపింది. రెండో వానాకాలంలో కొలత పరికరపు పొరపాటు హద్దుల్లోనే ఉంది. అయితే ఆ అక్టోబరులో తుపాను వాన తరువాత భూమిలోని నీటి మట్టాన్ని కొలిచే ఒక పీజోమీటరులో మట్టం 0.9 మీటర్లకు చేరింది. వెళ్లి చూస్తే ఏడో గొట్టం నుంచి చుక్క నీరు రావడం లేదు. లోపలికి కడ్డీ తోసి లాగితే, దాని వెంట జీడిమామిడి వేళ్లు జడలా అల్లుకుని వచ్చాయి. అరగంటలో నీరు మొదలైంది, రెండు రోజుల్లో మట్టం 0.4కు దిగింది. ఏటా మే నెలాఖరులోగా తొమ్మిది గొట్టాలనూ శుభ్రం చేయాలన్న షరతును భవనం నిర్వహణ పత్రంలో చేర్పించాం. ఆ పని జరిగిన రోజున నాకు ఫొటో పంపే బాధ్యతను, ఎవరూ అడగకుండానే, ఎగువ అపార్ట్‌మెంటు సంఘం పెద్ద తీసుకున్నారు.